సువార్త పెద్దమ్మ అప్పగింతలు

మా సువార్త పెద్దమ్మకు ముక్కు మీద కోపం. మౌలాలి రైల్వే కాలనీలో పాలవాడు, చాకలి, చర్చి పెద్దలు, చివరికి మా పెదనాన్న జీవరాజు, అందరూ ఆవిడ నోటికి జడిసేవాళ్లే. బాపట్ల నుంచి కాలేజీ చదువుకని వచ్చి ఆవిడ ఇంట్లో దిగిన నా సంగతి వేరే చెప్పాలా! కానీ ఎవరైనా మంచాన పడితే ఆ కోపం ఎక్కడికి పోయేదో పోయేది. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ, "ఏం కాదులేవే డోరా, నేనున్నాగా" అనేది. ఆ మాట కోసమైనా జ్వరం ఇంకో పూట ఉంటే బాగుండుననిపించేది.

ఆవిడకో వింత అలవాటు ఉండేది. పక్కింటి పసివాణ్ని కాసేపు చూడమని నాకిచ్చినా సరే, ఊరికే ఒళ్లో పడేసి వెళ్లేది కాదు. వాడి చెయ్యి తీసి నా చేతిలో పెట్టేది. "వీడి పేరు నోవహు. చల్లగాలి పడదు. పాలు తాగాడు, మళ్లీ పట్టకు. ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పు" అనేది. నేను అప్పజెప్పాలి. ఒక్క ముక్క వదిలేసినా మొదటికి వచ్చేది. ముసలాళ్ల చాదస్తమని లోపల విసుక్కునేదాన్ని. ఆ చాదస్తం వెనక ఒక ఆడమనిషి ప్రాణం ఉందని నూర్‌బీ పిన్ని చెప్పేదాకా నాకు తెలియదు.

నూర్‌బీ పిన్నిది బన్సీలాల్‌పేట. ఆమె భర్త చాంద్‌పాషా మోండా మార్కెట్టు దగ్గర ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. రంజానుకు ఆమె మా ఇంటికి షీర్ ఖుర్మా తెచ్చేది. క్రిస్మస్‌కు పెద్దమ్మ వాళ్లింటికి అరిసెలు పట్టుకెళ్లేది. ఇద్దరూ ఒకచోట కూర్చున్నారంటే ఆ పాత కథ రావాల్సిందే, కథతోపాటు పోట్లాటా రావాల్సిందే. పెద్దమ్మ చెప్పే కథలో తప్పంతా పెద్దమ్మదే. నూర్‌బీ పిన్ని చెప్పే కథలో అసలు ఎవరి తప్పూ లేదు. ఆ రెండూ కలిపి నాకు తోచినట్టు రాస్తున్నాను.

పెద్దమ్మకు చిన్నప్పుడే అమ్మా నాన్నా పోయారు. మిషను బోర్డింగులో పెరిగి, నర్సు పని నేర్చుకోవడానికి సికింద్రాబాదులోని ఒక మిషను ఆసుపత్రికి వచ్చి, అక్కడే ఉండిపోయింది. దాని పేరు ఇక్కడ రాయను. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు ఆవిడ ఆడవాళ్ల వార్డులో నర్సు. నైజాం రాజ్యంలో అప్పుడు ఎవరి భయం వాళ్లది. రజాకార్లు ఎప్పుడు మీద పడతారోనని కొందరు అప్పటికే చాలాకాలంగా బిక్కుబిక్కుమంటున్నారు. యూనియన్ సైన్యం బయల్దేరిందనగానే, రేపు మన గతేమిటని ఇంకొందరికి భయం పట్టుకుంది.

నూర్‌బీ అప్పుడు కొత్త కోడలు. టైఫాయిడుతో వచ్చి వార్డులో కిటికీ పక్క మంచం మీద పడి ఉంది. ఈ రోజుల్లో లాగా అప్పుడు మాత్రలు వేసి ఇంటికి పంపే రోగం కాదది. పేగుల లోపల పుళ్లు పడి గోడలు తడిసిన కాగితంలా అయిపోతాయట. జ్వరం తగ్గుముఖం పట్టాక ఆకలి నకనకలాడుతుంది. అదే అసలు గండం. నాలుగు మెతుకులు లోపలికి పోయినా పేగుకు చిల్లి పడొచ్చు. అందుకని బార్లీ జావ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు. నూర్‌బీ రోజూ అన్నం అన్నం అని ఏడ్చేది. పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుని, జ్వరం పోయాక ఏమేం వండుకు తింటావో చెప్పమని అడుగుతూ జావ తాగించేది. మూడుపూటలా చుక్కకూర పప్పేనట. బిర్యానీ మాటే ఎత్తలేదని పెద్దమ్మ ఎప్పుడూ నవ్వేది.

సైన్యం సరిహద్దు దాటిందని రేడియోలో వచ్చిన రోజు చాంద్‌పాషా పరుగెత్తుకొచ్చాడు. వసారాలో పెద్దమ్మ కాళ్లు పట్టుకోబోయాడు.

"సిస్టరమ్మా, జెర దయ జూడుండ్రి. మంచానికి ఆమె పేరు రాసి తగిలిచ్చిన్రు గద, గది తీసేయుండ్రి. ఎవడన్న లోపలికొచ్చి పేర్లు జదివితే మేమేం గావాలె? పిలిచేటప్పుడు సుత పేరు వెట్టి పిల్వకుండ్రి."

"తీసేస్తాలే. నువ్వు ముందు లేచి నిలబడు" అంది పెద్దమ్మ.

ఒక్క మంచానికే పేరు లేకపోతే అనుమానం వస్తుంది. అందుకని వార్డులో అందరి పేర్ల అట్టలూ ఊడదీసి అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఎవరినీ పేరుతో పిలవొద్దని ఆయాలకు చెప్పింది. కిటికీ పక్కామె, తలుపు పక్కామె, స్తంభం దగ్గరామె, అంతే. ఎవరు పేరడిగినా నోరు విప్పొద్దని నూర్‌బీకి చెప్పింది. చేసిందంతా ఆ పిల్లను కాపాడాలనే చేసింది. మీరైనా నేనైనా అదే చేసి ఉండేవాళ్లం.

తలుపు పక్క మంచం రోసమ్మది. కాలు విరిగి పిండికట్టు వేయించుకుంది. కాలు తప్ప ఒంట్లో మిగతాదంతా గట్టిదే. చెముడు ఉంది గాని నోరు మాత్రం మోండా మార్కెట్టు దాకా వినిపించేది. పూటకు రెండు పళ్లేల అన్నం లాగించేది.

ఆ మర్నాడు మధ్యాహ్నం విమానాలు వచ్చాయి. కిటికీ అద్దాలు గడగడలాడాయి. నూర్‌బీ మంచం దిగి కిందికి దూరబోయింది. ఆ బలహీనతలో పడితే ఏమవుతుందోనని పెద్దమ్మ ఆమెను పట్టుకుంది. తలుపు దగ్గర నుంచి రోసమ్మ కేకేసింది.

"ఓ సిస్టరూ! ఆ పోరిని ఈడికి తెచ్చి నన్ను కిటికీకాడ ఎయ్యి. నాకెట్లాగు చెవులు వినవడయి, విమానాలొస్తే నాకేంది!"

మంచి మనసుతో అన్న మాట. పెద్దమ్మా ఆయా కలిసి ఇనుప మంచాలు రెండూ ఈడ్చి అటూ ఇటూ మార్చారు. నూర్‌బీ తలుపు పక్కకు వచ్చి కొంచెం తెరిపిన పడింది.

ఆ ఆసుపత్రిలో డ్యూటీ మారే వేళ, సాయంత్రం ప్రార్థన గంట కొట్టే వేళ ఒకటే. దిగిపోయే నర్సు వసారా గుమ్మం దగ్గర నిలబడి, తల మీది తెల్ల టోపీ సర్దుకుంటూ, ఎక్కే నర్సుకు నాలుగు ముక్కలు చెప్పి ప్రార్థనకు పరుగెత్తేది. ఆలస్యమైతే మేట్రన్ దొరసాని కళ్లద్దాల మీదుగా ఒక చూపు చూసేది. రోగుల దాకా వెళ్లి చెప్పే తీరికా లేదు, ఆచారమూ లేదు. ఆ సాయంత్రం పట్నం వైపు నుంచి రావాల్సిన నర్సు రాలేకపోయింది. ఆమె బదులు కాంతమణి అనే పిల్లను పంపారు. భువనగిరి వైపు పిల్ల. ఆ వార్డులో అడుగుపెట్టడం అదే మొదలు.

గంట మోగుతోంది. పెద్దమ్మ ఒళ్లు అలసటతో తూలుతోంది. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"కిటికీ పక్కామెకు బార్లీ జావ తప్ప ఏమీ వద్దు. ఎంత ఏడ్చినా సరే. తలుపు పక్కామెకు అన్నం, ఎంత తింటే అంత."

"అట్లనే అక్కా" అంది కాంతమణి.

ప్రార్థన మొదలైంది. పాట అయిపోయి అందరూ మోకరించి కళ్లు మూసుకున్న నిశ్శబ్దంలో, ఆవరణ దాటి రోసమ్మ గొంతు వినిపించింది.

"కాలు ఇరిగితే కడుపు సుత మాడుస్తరా? ఈ గంజి ఎవరికి గావాలె? నా అన్నం నాకు దెండి!"

ఎవరో కిసుక్కున నవ్వారట. పెద్దమ్మ మాత్రం కళ్లు తెరిచింది. రోసమ్మకు జావ వెళ్లిందంటే అన్నం ఎక్కడికి వెళ్లింది? ప్రార్థన మధ్యలో లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆవరణకు అడ్డంపడి పరుగెత్తింది.

నూర్‌బీ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పళ్లెం. పప్పన్నం చాలావరకు అయిపోయింది. పెద్దమ్మను చూసి వేళ్లు నాక్కుంటూ నవ్వింది.

"అక్కా, ఇయ్యాల అన్నం వెట్టిన్రు. నీకు జెప్పాల్నని ఎదురుజూస్తున్న."

ఈ మాట దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ఎప్పుడూ ఆగిపోయేది. అంతటి నోరున్న మనిషి కొంగుతో కళ్లొత్తుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. మిగతా కథ నూర్‌బీ పిన్నే చెప్పాలి.

కాంతమణి గోడకు అతుక్కుపోయి నిలబడింది. "కిటికీకాడామెకు కాలు ఆపరేషనుందేమో, అందుకే పస్తు అన్నరనుకున్న అక్కా. ఈమెను పేరడిగితే చెప్పలే. అన్నం తింటవా అంటే తింట అన్నది" అని ఏడ్చింది. తెలియక చేసిన తప్పు అది. పేరు చెప్పొద్దన్నది పెద్దమ్మే. అట్టలు తీసింది పెద్దమ్మే. మంచం జరిపి, ఆ సంగతి చెప్పడం మరిచింది కూడా పెద్దమ్మే.

చీకటి పడేలోపు నూర్‌బీకి కడుపులో నొప్పి మొదలైంది. డాక్టరమ్మ వచ్చి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. చుక్క నీళ్లు కూడా పొయ్యొద్దంది. చిల్లి పడిందా లేదా తెలిసేదాకా కనిపెట్టుకుని ఉండడం తప్ప చేసేదేమీ లేదంది. పెద్దమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆ రాత్రి గురించి ఇద్దరూ నాకు ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు కొంత రక్తం పడింది. కానీ నొప్పి పెరగలేదు. ఆ తరువాత పొట్ట మెత్తబడింది. గండం పూర్తిగా గడవలేదు గాని చిల్లి మాత్రం పడలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు పెద్దమ్మకు ఏడుపు రాలేదట, నిద్ర వచ్చిందట. మంచం పట్టె మీద తల ఆనించి అలాగే నిద్రపోయిందట.

నైజాం లొంగిపోయాడు. సైన్యం సికింద్రాబాదు చేరింది. దారులు తెరుచుకోగానే చాంద్‌పాషా వచ్చాడు. పెద్దమ్మ అతన్ని వసారాలోనే ఆపి జరిగింది జరిగినట్టు చెప్పింది. తన భార్యకు అన్నం పెట్టి చంపబోయారని అరుస్తాడనుకుంది. నాలుగు తిట్టినా బాగుండేదట. అతను గోడ పక్కన చతికిలబడి తల పట్టుకున్నాడు.

"పేరు దాచిపెట్టుమన్నది నేనే గద సిస్టరమ్మా. పేరు తీస్తే బతుకుతదనుకున్న. పేరు లేకుంటేనే సచ్చేతట్టాయె."

ఆ సాయంత్రం మళ్లీ ప్రార్థన గంట కొట్టారు. కాంతమణి డ్యూటీకి వచ్చింది. పెద్దమ్మ లేవబోతే నూర్‌బీ ఆవిడ చెయ్యి వదలలేదు. గొంతు పైకి రావడం లేదు గాని పట్టు మాత్రం గట్టిగా ఉంది.

"నన్ను ఎవరికి అప్పజెప్పి పోతున్నవ్ అక్కా?"

అమ్మా నాన్నా పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అప్పగింతలు పెడతారు కదా. పిల్ల చెయ్యి అవతలివాళ్ల చేతిలో పెట్టి, మా బిడ్డకు ఇది తెలియదు, ఇది పడదు, కడుపులో పెట్టుకు చూసుకోండని ఏడుస్తూ చెబుతారు. గుమ్మం దగ్గర నిలబడి టోపీ సర్దుకుంటూ ఎవరూ చెప్పరు. పెద్దమ్మ కాంతమణిని మంచం దగ్గరికి పిలిచింది. నూర్‌బీ చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఈమె పేరు నూర్‌బీ" అంది, వార్డంతా వినేలా.

కాంతమణి చెయ్యి బిగుసుకుంది. ఊళ్లో ఆమె అన్న ఇంటిని రజాకార్లు తగలబెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు. నూర్‌బీకీ తెలుసు. కాంతమణి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. చీక్కుపోయిన ముఖం, పగిలిన పెదాలు. తను పెట్టిన అన్నం తిని చావు దాకా వెళ్లొచ్చిన మనిషి. కాంతమణి రెండో చెయ్యి కూడా తెచ్చి ఆ చేతి మీద వేసింది.

"అన్నం పెట్టకూడదు. జావ కూడా డాక్టరమ్మ చెప్పేదాకా వద్దు. నొప్పి ఎక్కువైతే, చెమటలు పడితే నన్ను హాస్టలు నుంచి పిలిపించు. ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పు."

"ఈమె పేరు నూర్‌బీ" అని మొదలుపెట్టి కాంతమణి అంతా చెప్పింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

"నూర్‌బీ, మేం చెప్పుకుంది సరిగ్గా ఉందా?" అని అడిగింది పెద్దమ్మ.

"సరిగ్గున్నది అక్కా. ఇగ నువ్ పో. కాంతక్క ఉన్నది గద" అంటూ నూర్‌బీ, రెండో చేత్తో పట్టుకున్న పెద్దమ్మ కొంగు వదిలింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మేట్రన్ దొరసాని నిలబడి ఉంది. ప్రార్థనకు ఎందుకు రాలేదని అడగడానికి వచ్చింది. పెద్దమ్మ ఏ మాత్రం తగ్గలేదు.

"మిగతా మంచాలు కూడా అప్పజెప్పి వస్తానమ్మగారూ. నేను మోకాళ్ల మీదున్నప్పుడే ఈ పిల్లకు అన్నం పెట్టారు."

దొరసాని స్తంభానికి ఆనుకుని, రోసమ్మ దాకా అందరి అప్పగింతలూ అయ్యేవరకు నిలబడింది. తనకు రెండు పళ్లేల అన్నం అని కాంతమణి చేత రోసమ్మ రెండుసార్లు చెప్పించుకుంటుంటే దొరసాని కూడా నవ్విందట. కొన్నాళ్లకు ప్రార్థన గంట వెనక్కి జరిగింది. అన్ని వార్డుల్లో అప్పగింతలు అయ్యాకే గంట కొట్టాలన్నారు.

పేర్ల అట్టలు మళ్లీ మంచాలకు ఎక్కాయి. నూర్‌బీ అట్ట చేత్తో పట్టుకుని పెద్దమ్మ ఆమెనే అడిగింది, పెట్టమంటావా వద్దా అని. "పెట్టక్కా. పేరు లేకుంటే నన్నెట్ల గుర్తువడ్తరు?" అంది నూర్‌బీ. జిల్లాల నుంచి వచ్చే వార్తలు అప్పటికి ఏమీ బాగాలేవు. చాంద్‌పాషా చిన్నాన్న కొడుకుల జాడే తెలియలేదు. అయినా ఆ పేరు అక్కడ అలాగే ఉంది, ఆమె ఇంటికి వెళ్లేవరకు. ఇంటికి వెళ్లాక మొదటి చుక్కకూర పప్పు గిన్నె ఆసుపత్రికే వచ్చింది. పెద్దమ్మ, కాంతమణి ఒకే పళ్లెంలో కలుపుకుని తిన్నారు.

పెద్దమ్మ అక్కడే పనిచేసి రిటైరైంది. కొత్తగా వచ్చిన పిల్లలు మొదట్లో నవ్వేవాళ్లట, సువార్తక్క పెళ్లిళ్లు చేస్తోందని. ఆవిడ నోటికి భయపడి నేర్చుకున్నారో, నిజంగానే నచ్చి నేర్చుకున్నారో గాని, చెయ్యి చేతిలో పెట్టనిదే వాళ్లెవరూ వార్డు దిగేవాళ్లు కాదు.

చివరి రోజుల్లో పెద్దమ్మకు మతిమరుపు వచ్చింది. పెదనాన్న పోయిన సంగతి మరిచిపోయింది. నన్ను ఎవరో టీచరమ్మ అనుకునేది. పాపం, కోపం కూడా మరిచిపోయింది, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. పగలు నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తే నూర్‌బీ పిన్ని బన్సీలాల్‌పేట నుంచి బస్సులో వచ్చి కూర్చునేది. సాయంత్రం నేను రాగానే పెద్దమ్మ చెయ్యి తీసి నా చేతిలో పెట్టేది.

"ఈమె పేరు సువార్త. ఎడమ చెవు వినవడది, కుడి దిక్కుకెల్లి మాట్లాడాలె. ఆకలైతే చెప్పది, మనమే అడగాలె. చెయ్యి ఇడిసిపెడితే భయపడ్తది."

నేను సరే పిన్నీ అని తల ఊపేదాన్ని. అప్పుడు పెద్దమ్మ, ఎవరినీ గుర్తుపట్టలేని మా పెద్దమ్మ, నూర్‌బీ పిన్ని వైపు తిరిగి గట్టిగా అనేది.

"తిరిగి చెప్పమను."

నేను తిరిగి చెప్పేదాన్ని. ఆవిడ మూసిన కళ్లతోనే వింటూ ఉండేది.

ఆవిడ పోయిన రోజు సమాధుల తోటలో యెషయా అయ్యగారు ప్రార్థన ముగించి పెట్టె మూయమన్నారు. ఆయన కొత్తగా వచ్చిన చిన్నవయసు పాస్టరు, కొంచెం తొందర మనిషి. నూర్‌బీ పిన్ని జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, పెట్టె పక్కన కూర్చుని, పెద్దమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఎవరో ఆపబోతే నేను వద్దన్నాను.

"ఈమె పేరు సువార్త" అంది పిన్ని, అయ్యగారి ముఖంలోకి చూస్తూ. "ఎడమ చెవు వినవడది, కుడి దిక్కుకెల్లి మాట్లాడాలె. ఆకలైతే చెప్పది, మనమే అడగాలె. చెయ్యి ఇడిసిపెడితే భయపడ్తది."

చెప్పి ఊరుకోలేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు.

"తిరిగి చెప్పాలండీ, అయ్యగారూ" అన్నాను నేను. "తీసుకునేవాళ్ల తరఫున మీరే చెప్పాలి."

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని, వంగి, పిన్ని చేతిలోని పెద్దమ్మ చెయ్యి అందుకున్నారు.

"ఈమె పేరు సువార్త. ఎడమ చెవి వినిపించదు, కుడి వైపు నుంచి మాట్లాడాలి. చెయ్యి వదిలితే భయపడుతుంది."

నూర్‌బీ పిన్ని పట్టు సడలలేదు.

"ఆకలి సంగతి మరిచిన్రు" అంది.

"ఆకలైతే చెప్పదు, మనమే అడగాలి" అన్నారు అయ్యగారు.

అప్పుడు గాని నూర్‌బీ పిన్ని మా పెద్దమ్మ చెయ్యి వదల్లేదు.